తరంగ ప్రమేయాల నార్మలైజేషన్ – ప్రత్యాశా విలువలు

క్వాంటం యాంత్రికశాస్త్రంలో ఎలక్ట్రాన్ వంటి సూక్ష్మకణం స్థితిని పూర్తిగా తెలిపే గణిత ప్రమేయాన్ని తరంగ ప్రమేయం అంటారు. దీనిని సాధారణంగా 'సై' అనే గ్రీకు అక్షరంతో సూచిస్తారు. ఈ ప్రమేయపు పరిమాణ వర్గాన్ని కణం ఉండగల ప్రదేశమంతటా కూడినప్పుడు మొత్తం సరిగ్గా 1 వచ్చేటట్లు ప్రమేయాన్ని తగిన స్థిరాంకంతో గుణించడాన్ని నార్మలైజేషన్ (సామాన్యీకరణం) అంటారు. అలా సిద్ధమైన ప్రమేయం నుంచి స్థానం, ద్రవ్యవేగం, శక్తి మొదలైన భౌతికరాశులకు లెక్కగట్టే సగటు విలువే ప్రత్యాశా విలువ. పాఠ్యపుస్తకాల్లో ఇవి రెండు వేర్వేరు శీర్షికల కింద కనిపించినా, వాస్తవానికి ఒకే భాగహారంలోని రెండు భాగాలు: ప్రత్యాశా విలువ లవం నుంచి పుడుతుంది, నార్మలైజేషన్ హారాన్ని 1గా మారుస్తుంది. ఆ హారం పరిమితమైన సంఖ్య అవుతుందా, కాదా అన్నది మాత్రం గణిత సౌలభ్యానికి సంబంధించిన విషయం కాదు; నిర్దిష్ట శక్తి గల కణం ఒక హద్దులో బంధించబడి ఉందా, స్వేచ్ఛగా తిరుగుతోందా అన్న భౌతిక ప్రశ్నకు అది సమాధానం.

చారిత్రక నేపథ్యం

1924లో లూయీ ద బ్రాయ్ పదార్థ కణాలకు తరంగ స్వభావం ఉంటుందని ప్రతిపాదించగా, 1926లో ఎర్విన్ ష్రోడింగర్ ఆ తరంగాలు పాటించే సమీకరణాన్ని వరుస పత్రాల్లో ప్రకటించి, దాని నుంచి హైడ్రోజన్ పరమాణువు శక్తిస్థాయిలను సరిగ్గా రాబట్టాడు. అయితే సమీకరణంలోని తరంగం దేనిని సూచిస్తుందన్న విషయంలో స్పష్టత లేదు. ష్రోడింగర్ మొదట దానిని అంతరాళంలో పరచుకున్న విద్యుదావేశంగా భావించాడు. అదే ఏడాది మాక్స్ బోర్న్ కణాల అభిఘాతాలను పరిశీలిస్తూ, తరంగ ప్రమేయం సంభావ్యతను మాత్రమే తెలుపుతుందని ప్రకటించాడు. ఆ పత్రం ప్రధాన భాగంలో సంభావ్యతను ప్రమేయంతోనే ముడిపెట్టిన బోర్న్, ప్రూఫులు దిద్దే దశలో చేర్చిన పాదసూచికలో, సంభావ్యత ప్రమేయపు వర్గానికి అనుపాతంలో ఉంటుందని సవరించాడు. ఆ పాదసూచికే నేటి 'బోర్న్ నియమం'. ఈ సంభావ్యతా వ్యాఖ్యానం ముఖ్య కారణంగా 1954లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. బోర్న్ 1935-36లో సి.వి. రామన్ ఆహ్వానంపై బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో కొన్ని నెలలు పనిచేశాడు.

1927లో పాల్ ఎరెన్‌ఫెస్ట్ ప్రత్యాశా విలువలు కాలంతో ఎలా మారతాయో చూపాడు. అదే సంవత్సరం వెర్నర్ హైసెన్‌బర్గ్ అనిశ్చితత్వ నియమాన్ని ప్రతిపాదించాడు. పాల్ డిరాక్ 1930లోను, జాన్ ఫాన్ నాయ్‌మన్ 1932లోను ప్రచురించిన గ్రంథాలు ఈ భావనలన్నిటినీ ఒకే గణిత చట్రంలో ఇమిడ్చాయి.

సంభావ్యత నుంచి సగటుకు

తరంగ ప్రమేయం విలువ సాధారణంగా సంకీర్ణ సంఖ్య, అంటే వాస్తవ భాగమూ ఊహాత్మక భాగమూ కలిగిన సంఖ్య; దానిని నేరుగా కొలిచే సాధనం లేదు. ప్రమేయాన్ని దాని సంకీర్ణ సంయుగ్మంతో (ఊహాత్మక భాగపు గుర్తును తారుమారు చేయగా వచ్చే ప్రమేయంతో) గుణిస్తే రుణాత్మకం కాని వాస్తవ సంఖ్య వస్తుంది. దానినే పరిమాణ వర్గం అంటారు. బోర్న్ నియమం ప్రకారం ఇది సంభావ్యతా సాంద్రత: ఒక చిన్న ప్రాంతంలో కణం దొరికే సంభావ్యత, అక్కడి సాంద్రతను ఆ ప్రాంతపు పరిమాణంతో గుణించగా వచ్చే విలువకు సమానం. కణం ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి కాబట్టి అన్ని ప్రాంతాల సంభావ్యతల మొత్తం 1 కావాలి. నార్మలైజేషన్ నిబంధన సారాంశం ఇంతే.

పాలమూరు చెలకల్లో పండే పల్లికాయలతో ఈ లెక్కను పోల్చవచ్చు. నూరు కాయలు ఒలిస్తే ముప్పయింటిలో ఒక గింజ, అరవైలో రెండు, పదింటిలో మూడు ఉన్నాయనుకుంటే, ఈ సంఖ్యలను నూటితో భాగించగా వచ్చే 0.3, 0.6, 0.1 అనేవి సంభావ్యతలు. వాటి మొత్తం 1. ప్రతి గింజల సంఖ్యను దాని సంభావ్యతతో గుణించి కూడితే 1.8 వస్తుంది. ఏ కాయలోనూ 1.8 గింజలు ఉండవు. ప్రత్యాశా విలువ స్వభావం కూడా ఇదే: ఒక్క కొలతలో తప్పక వచ్చే ఫలితం అది కాదు, తరచు వచ్చే ఫలితం కూడా కానక్కరలేదు, ఒకే విధంగా సిద్ధం చేసిన అనేక కణాలపై విడివిడిగా చేసిన కొలతల సగటు మాత్రమే. అయితే పోలిక ఇక్కడితో ఆగుతుంది. కాయలో గింజలు ఎన్నో ఒలవకముందే నిర్ణయమై ఉంటాయి గాని, క్వాంటం సిద్ధాంతపు ప్రామాణిక వ్యాఖ్యానం ప్రకారం కొలతకు ముందు కణానికి నిర్దిష్టమైన స్థానమంటూ ఉందని చెప్పడానికి వీలులేదు.

నార్మలైజేషన్ పద్ధతి

ష్రోడింగర్ సమీకరణం ఏకఘాత సమీకరణం. ఒక ప్రమేయం దానికి సాధన అయితే, ఆ ప్రమేయాన్ని ఏ స్థిరాంకంతో గుణించినా అది కూడా సాధనే అవుతుంది. కనుక సమీకరణం ప్రమేయపు ఆకృతిని మాత్రమే నిర్ణయిస్తుంది, ఎత్తును నిర్ణయించదు. ఎత్తును నిర్ణయించేది నార్మలైజేషన్. ఇచ్చిన ప్రమేయపు పరిమాణ వర్గాన్ని మొత్తం ప్రదేశంపై సమాకలనం చేసి, వచ్చిన సంఖ్య వర్గమూలంతో ప్రమేయాన్ని భాగించాలి. సమాకలనం ఫలితం పరిమితమైనదై, సున్నా కానిదైతేనే ఇది సాధ్యం. అటువంటి ప్రమేయాలను వర్గ సమాకలనీయ ప్రమేయాలు అంటారు.

ఇలా లభించిన స్థిరాంకం పరిమాణం స్థిరమే గాని, దాని దశ మాత్రం అనిర్ణీతంగా మిగిలిపోతుంది. ప్రమేయమంతటినీ 1 పరిమాణం గల ఏ సంకీర్ణ సంఖ్యతో గుణించినా సంభావ్యతలూ మారవు, ప్రత్యాశా విలువలూ మారవు. అందువల్ల సౌకర్యం కోసం స్థిరాంకాన్ని ధనాత్మక వాస్తవ సంఖ్యగా తీసుకుంటారు. రెండు స్థితులు కలిసి ఉన్నప్పుడు వాటి మధ్యనున్న సాపేక్ష దశకు మాత్రం భౌతికార్థం ఉంటుంది. వ్యతికరణ ఫలితాలన్నిటికీ మూలం అదే.

యూనిట్లు కూడా ఈ నిబంధననే అనుసరిస్తాయి. సంభావ్యతకు యూనిట్ లేదు కాబట్టి, ఒక మితిలో కదిలే కణపు సంభావ్యతా సాంద్రతకు యూనిట్ పొడవు విలోమం, తరంగ ప్రమేయానికి యూనిట్ పొడవు వర్గమూలపు విలోమం. మూడు మితుల్లో పొడవుకు బదులు ఘనపరిమాణం వస్తుంది. లెక్క చివర స్థిరాంకంతో గుణించిన ప్రమేయానికి ఈ యూనిట్లు రాకపోతే ఎక్కడో తప్పు జరిగినట్లే.

ఆపరేటర్లు, ప్రత్యాశా విలువ

క్వాంటం యాంత్రికశాస్త్రంలో కొలవదగిన ప్రతి రాశికీ ఒక ఆపరేటర్ ఉంటుంది. ఆపరేటర్ అంటే ఒక ప్రమేయంపై పనిచేసి దానిని మరొక ప్రమేయంగా మార్చే గణిత ప్రక్రియ. స్థానపు ఆపరేటర్ ప్రమేయాన్ని స్థాన నిరూపకంతో గుణిస్తుంది. ద్రవ్యవేగపు ఆపరేటర్ ప్రమేయాన్ని స్థానం దృష్ట్యా అవకలనం చేసి, తగ్గించిన ప్లాంక్ స్థిరాంకంతోను, రుణాత్మక ఊహాత్మక ప్రమాణంతోను గుణిస్తుంది. గతిజశక్తి, స్థితిజశక్తి ఆపరేటర్ల మొత్తాన్ని హామిల్టోనియన్ అంటారు. అది శక్తికి సంబంధించిన ఆపరేటర్.

ఒక రాశి ప్రత్యాశా విలువ కావాలంటే, మొదట దాని ఆపరేటర్‌ను తరంగ ప్రమేయంపై ప్రయోగించి, వచ్చిన ఫలితాన్ని ప్రమేయపు సంయుగ్మంతో ఎడమవైపు నుంచి గుణించి, మొత్తం ప్రదేశంపై సమాకలనం చేయాలి. ప్రమేయం నార్మలైజ్ కాకపోతే ఈ ఫలితాన్ని ప్రమేయపు పరిమాణ వర్గ సమాకలనితో భాగించాలి. ఈ వరుసక్రమం ముఖ్యం: అవకలనం చేసే ఆపరేటర్ తన కుడివైపునున్న ప్రమేయంపైనే పనిచేస్తుంది కాబట్టి, దానిని సంయుగ్మానికీ ప్రమేయానికీ మధ్య ఉంచడానికి బదులు మరోచోట రాస్తే ఫలితం మారిపోతుంది. భౌతికరాశుల ఆపరేటర్లు హెర్మిషియన్ అనే ధర్మం కలిగి ఉండడం వల్ల ఏ స్థితిలోనైనా వాటి ప్రత్యాశా విలువ వాస్తవ సంఖ్యగానే వస్తుంది.

ఆపరేటర్ ఒక ప్రమేయాన్ని కేవలం ఒక సంఖ్యతో గుణించి వదిలిపెడితే, ఆ ప్రమేయాన్ని ఐగన్ ప్రమేయం అనీ, ఆ సంఖ్యను ఐగన్ విలువ అనీ అంటారు. ఒక్క కొలతలో వచ్చేది ఎప్పుడూ ఏదో ఒక ఐగన్ విలువే. స్థితిని ఐగన్ ప్రమేయాల మొత్తంగా రాసినప్పుడు, ఒక్కొక్క ఐగన్ విలువ వచ్చే సంభావ్యత దాని గుణకపు పరిమాణ వర్గం. ఈ వర్గాల మొత్తం 1 కావడం నార్మలైజేషన్‌కు మరో రూపం.

పెట్టెలో ఎలక్ట్రాన్

1 నానోమీటరు పొడవుగల ఒక మిత పెట్టెలో, దాటరాని గోడల మధ్య ఎలక్ట్రాన్ బంధించబడి ఉన్న సందర్భం ఈ విషయంలో ప్రామాణిక ఉదాహరణ. గోడల వద్ద తరంగ ప్రమేయం సున్నా కావాలి కనుక, గోడల మధ్య పూర్ణ సంఖ్యలో అర్ధతరంగాలు పట్టే సైన్ ప్రమేయాలు మాత్రమే సాధనలవుతాయి. సైన్ వర్గపు సగటు విలువ సగం కాబట్టి, సమాకలనం విలువ పెట్టె పొడవులో సగం. నార్మలైజేషన్ స్థిరాంకం రెండును పొడవుతో భాగించగా వచ్చినదాని వర్గమూలం. అన్ని స్థాయిలకూ ఒకే స్థిరాంకం రావడం ఈ సమస్యకున్న ప్రత్యేకత.

కనిష్ఠ స్థాయి శక్తి సుమారు 0.376 ఎలక్ట్రాన్ వోల్టులు. మిగిలిన స్థాయిల శక్తులు దీనికి 4, 9, 16 రెట్లుగా పెరుగుతాయి. స్థానపు ప్రత్యాశా విలువ పెట్టె నడిమధ్య, అంటే గోడ నుంచి 0.5 నానోమీటర్లు. ప్రమేయం వాస్తవ ప్రమేయం కావడం వల్ల ద్రవ్యవేగపు ప్రత్యాశా విలువ సున్నా. ఎలక్ట్రాన్ నిశ్చలంగా ఉందని దీని అర్థం కాదు, రెండు దిశల ద్రవ్యవేగాలూ సమాన సంభావ్యతతో ఉన్నాయని మాత్రమే. కనిష్ఠ స్థాయిలో పెట్టె నడిమి సగభాగంలో కణం దొరికే సంభావ్యత సుమారు 0.818 కాగా, రెండో స్థాయిలో అది సరిగ్గా 0.5. రెండు స్థాయిల్లోనూ సగటు స్థానం ఒక్కటే అయినా విస్తరణ వేరు. రెండో స్థాయిలో సరిగ్గా ఆ సగటు స్థానం వద్దే సంభావ్యతా సాంద్రత సున్నా అవుతుంది.

అందుకే సగటుతోపాటు విస్తరణను కూడా లెక్కించాలి. స్థాన వర్గపు ప్రత్యాశా విలువ నుంచి స్థానపు ప్రత్యాశా విలువ వర్గాన్ని తీసివేసి, వచ్చినదానికి వర్గమూలం కడితే ప్రామాణిక విచలనం వస్తుంది. క్వాంటం సిద్ధాంతంలో అనిశ్చితి అంటే ఇదే. కనిష్ఠ స్థాయిలో స్థానపు అనిశ్చితి పెట్టె పొడవుకు 0.181 రెట్లు, దానినీ ద్రవ్యవేగపు అనిశ్చితినీ గుణిస్తే వచ్చే లబ్ధం తగ్గించిన ప్లాంక్ స్థిరాంకానికి సుమారు 0.568 రెట్లు. అనిశ్చితత్వ నియమం విధించే కనిష్ఠ పరిమితి 0.5 రెట్లు కాబట్టి నియమం నెరవేరింది.

శక్తి ఐగన్ ప్రమేయం కాని ప్రమేయం

ప్రత్యాశా విలువకూ కొలత ఫలితానికీ ఉన్న తేడా, ఐగన్ ప్రమేయం కాని ప్రమేయాన్ని తీసుకున్నప్పుడు స్పష్టమవుతుంది. అదే పెట్టెలో ఎడమ గోడ నుంచి దూరాన్ని కుడి గోడ నుంచి దూరంతో గుణించగా వచ్చే పరావలయ ప్రమేయాన్ని తీసుకుంటే, అది గోడల వద్ద సున్నా అవుతుంది, ఆకృతిలో కనిష్ఠ స్థాయి సైన్ ప్రమేయానికి చాలా దగ్గరగా ఉంటుంది. దాని వర్గ సమాకలని పెట్టె పొడవు అయిదో ఘాతాన్ని 30తో భాగించగా వచ్చే విలువ. కనుక నార్మలైజేషన్ స్థిరాంకం 30ని పొడవు అయిదో ఘాతంతో భాగించగా వచ్చినదాని వర్గమూలం.

ఈ స్థితిలో శక్తి ప్రత్యాశా విలువ సుమారు 0.381 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే నిజమైన కనిష్ఠ శక్తి కంటె 1.3 శాతం ఎక్కువ. అయితే శక్తిని కొలిస్తే ఎన్నడూ 0.381 రాదు. సుమారు 99.86 శాతం కొలతల్లో 0.376 వస్తుంది, సుమారు 0.14 శాతం కొలతల్లో మూడో స్థాయి శక్తి అయిన 3.38 వస్తుంది, ఇంకా అరుదుగా అయిదు, ఏడు వంటి బేసి స్థాయిల శక్తులు వస్తాయి. సరి స్థాయిలు అసలు రావు, ఎందుకంటే పరావలయం పెట్టె మధ్యబిందువుకు ఇరువైపులా ఒకేలా ఉంటుంది, సరి స్థాయిల ప్రమేయాలు ఇరువైపులా వ్యతిరేక గుర్తులతో ఉంటాయి. అరుదుగా వచ్చే పెద్ద శక్తులే సగటును 1.3 శాతం పైకి లాగుతున్నాయి.

ఏ ప్రమేయాన్ని ఊహించి తీసుకున్నా దాని శక్తి ప్రత్యాశా విలువ నిజమైన కనిష్ఠ శక్తి కంటె తక్కువ కాజాలదన్న సాధారణ సూత్రానికి ఇది ఉదాహరణ. దీనిపై ఆధారపడిన విచరణ పద్ధతి, కచ్చితమైన సాధన లేని హీలియం పరమాణువు మొదలుకొని పెద్ద అణువుల వరకు శక్తులను అంచనా వేయడానికి రసాయన శాస్త్రజ్ఞులకు నేటికీ ప్రధాన సాధనం.

హైడ్రోజన్ పరమాణువు

హైడ్రోజన్ కనిష్ఠ స్థాయిలో తరంగ ప్రమేయం కేంద్రకం నుంచి దూరం పెరిగేకొద్దీ ఘాతీయంగా తగ్గుతుంది. తగ్గే వేగాన్ని నిర్ణయించే పొడవు బోర్ వ్యాసార్థం, అంటే 0.0529 నానోమీటర్లు. మూడు మితుల్లో సమాకలనం చేసేటప్పుడు ఒక్కొక్క దూరం వద్ద ఉన్న గోళాకార పొర ఘనపరిమాణాన్ని లెక్కలోకి తీసుకోవాలి; దూరం వర్గంతోపాటు పెరిగే ఈ గుణకాన్ని మరచిపోతే నార్మలైజేషన్ తప్పుతుంది. ఈ గుణకం వల్లనే, ఏకాంక ఘనపరిమాణంలో సంభావ్యత కేంద్రకం వద్ద గరిష్ఠంగా ఉన్నప్పటికీ, ఎలక్ట్రాన్ దొరకడానికి ఎక్కువ అవకాశమున్న దూరం బోర్ వ్యాసార్థానికి సమానమవుతుంది.

దూరపు ప్రత్యాశా విలువ బోర్ వ్యాసార్థానికి ఒకటిన్నర రెట్లు, సుమారు 0.0794 నానోమీటర్లు. బోర్ వ్యాసార్థం లోపల ఎలక్ట్రాన్ ఉండే సంభావ్యత 0.323 మాత్రమే. దూరపు విలోమానికి ప్రత్యాశా విలువ బోర్ వ్యాసార్థపు విలోమం. అది సగటు దూరపు విలోమానికి సమానం కాదు. ఒక రాశి సగటు తెలిసినంత మాత్రాన దాని ప్రమేయాల సగటు తెలియదన్న సంగతి ఇక్కడ అనుభవంలోకి వస్తుంది. స్థితిజశక్తి దూరపు విలోమంపై ఆధారపడుతుంది కాబట్టి దాని ప్రత్యాశా విలువ −27.2 ఎలక్ట్రాన్ వోల్టులు, గతిజశక్తి ప్రత్యాశా విలువ 13.6, రెండింటి మొత్తం −13.6; గుర్తును వదిలితే హైడ్రోజన్ అయనీకరణకు కావలసిన శక్తి ఇంతే.

హరాత్మక డోలకం, వజ్రం

స్ప్రింగు వంటి బలంతో సమతాస్థితికి ఇరువైపులా కంపించే కణాన్ని హరాత్మక డోలకం అంటారు. దాని కనిష్ఠ స్థితి గంట ఆకారంలో ఉండే గౌసియన్ ప్రమేయం. అందులో స్థానం, ద్రవ్యవేగం రెండింటి ప్రత్యాశా విలువలూ సున్నా, అనిశ్చితుల లబ్ధం మాత్రం నియమం అనుమతించే కనిష్ఠ పరిమితికి సరిగ్గా సమానం. గతిజ, స్థితిజ శక్తుల ప్రత్యాశా విలువలు సమానంగా ఉండి, రెండూ కలిసి ఒక కంపన క్వాంటంలో సగమవుతాయి. దీనినే శూన్యబిందు శక్తి అంటారు. సాంప్రదాయిక యాంత్రికశాస్త్రం ప్రకారం కణం చేరలేని ప్రాంతంలో ఈ స్థితిలో అది దొరికే సంభావ్యత సుమారు 0.157.

దీనికి చక్కని దృష్టాంతం వజ్రం. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని నారాయణపేట, మద్దూరు, కోటకొండ ప్రాంతాల్లో, వజ్రాలకు మాతృశిలగా పేరొందిన కింబర్లైట్ శిలలను భూవిజ్ఞాన శాస్త్రజ్ఞులు గుర్తించారు. వజ్ర స్ఫటికంలో కార్బన్ పరమాణువుల రెండు ఉపజాలకాలు ఒకదానికొకటి ఎదురుగా కంపించే రీతి, కాంతి పరిక్షేపణం ద్వారా కంపనాలను చూపే రామన్ వర్ణపటంలో సెంటీమీటరుకు 1332 తరంగాల వద్ద ఒకే పదునైన రేఖగా కనిపిస్తుంది. ఆ క్వాంటం శక్తి సుమారు 0.165 ఎలక్ట్రాన్ వోల్టులు కాబట్టి శూన్యబిందు శక్తి సుమారు 0.083. గది ఉష్ణోగ్రత వద్ద ఈ కంపనపు క్వాంటాల సగటు సంఖ్య 0.002 కంటె తక్కువ. అంటే వేసవి ఎండలో పడి ఉన్న వజ్రంలో కూడా ఈ కంపనరీతి దాదాపు పూర్తిగా తన కనిష్ఠ క్వాంటం స్థితిలోనే ఉంటుంది.

వజ్రపు రామన్ వర్ణపటాన్ని 1930 ప్రాంతంలో పరిశోధించినవారిలో నాటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించి, హైదరాబాద్ నిజాం కళాశాలలో చదివి, రామన్ వద్ద పనిచేసిన సూరి భగవంతం (1909–1989) ఒకరు. ఆయన తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా, 1952 నుంచి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేశారు. టి. వెంకటరాయుడుతో కలిసి రాసి 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ద్వారా వెలువరించిన సమూహ సిద్ధాంత గ్రంథంలో, స్ఫటికాలు, అణువుల సమమితి నుంచి వాటి కంపనాలను వర్గీకరించే విధానం ఉంది. పరావలయ ఉదాహరణలో సరి స్థాయిలు రాకపోవడానికి కారణమైన సూత్రమే ఇక్కడ విస్తృత రూపంలో పనిచేస్తుంది: ఏ సమాకలనులు సున్నా అవుతాయో సమమితే చెబుతుంది, లెక్క చేయవలసిన పని మిగిలినవాటికే పరిమితమవుతుంది.

కాలంతో మార్పు

ఒకసారి నార్మలైజ్ చేసిన ప్రమేయం తరువాత కూడా నార్మలైజ్ అయ్యే ఉంటుంది. హామిల్టోనియన్ హెర్మిషియన్ కావడమే ఇందుకు కారణం. ఒక ప్రాంతంలో సంభావ్యత తగ్గితే అంత మేరకు పక్క ప్రాంతంలోకి సంభావ్యతా ప్రవాహం జరుగుతుంది గాని, మొత్తం మారదు. ప్రత్యాశా విలువలు మాత్రం మారవచ్చు. పెట్టెలో మొదటి, రెండో స్థాయిలను 3, 4 గుణకాలతో కలిపితే, వర్గాల మొత్తం 25 కాబట్టి గుణకాలను 5తో భాగించాలి. అప్పుడు సంభావ్యతలు 0.36, 0.64 అవుతాయి. శక్తి ప్రత్యాశా విలువ 1.10 ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద ఎప్పటికీ స్థిరంగా ఉంటుంది. స్థానపు ప్రత్యాశా విలువ మాత్రం 0.327, 0.673 నానోమీటర్ల మధ్య సెకనుకు సుమారు 273 లక్షల కోట్ల సార్లు ఊగుతుంది.

స్థానపు ప్రత్యాశా విలువ మారే రేటు ద్రవ్యవేగపు ప్రత్యాశా విలువను ద్రవ్యరాశితో భాగించగా వచ్చేదానికి సమానమనీ, ద్రవ్యవేగపు ప్రత్యాశా విలువ మారే రేటు బలపు ప్రత్యాశా విలువకు సమానమనీ ఎరెన్‌ఫెస్ట్ నిరూపించాడు. తరంగ ప్రమేయం విస్తరణ స్వల్పంగా ఉన్నప్పుడు ఇవి న్యూటన్ సూత్రాలుగా పరిణమిస్తాయి. పెద్ద వస్తువుల చలనంలో క్వాంటం ప్రభావాలు కనిపించకపోవడానికి ఇది ఒక కారణం.

నార్మలైజ్ కాని ప్రమేయాలు, రేడియోధార్మికత

నిర్దిష్ట ద్రవ్యవేగం గల స్వేచ్ఛా కణపు సమతల తరంగానికి సాంద్రత అంతటా సమానం. అనంత ప్రదేశంపై దాని మొత్తం అనంతం. కాబట్టి అది ఏ కణపు వాస్తవ స్థితీ కాజాలదు, వాస్తవ స్థితులను నిర్మించే మూలకం మాత్రమే. అనేక సమతల తరంగాలను కలిపి తరంగ పుంజంగా చేస్తే నార్మలైజేషన్ సాధ్యమవుతుంది. ఊహాత్మకమైన పెద్ద పెట్టెను తీసుకుని లెక్కించి, చివరకు దాని పరిమాణాన్ని అనంతంగా పెంచడం మరొక మార్గం. ఒక్క బిందువు వద్ద తప్ప అంతటా సున్నా అయి, సమాకలని 1 అయ్యే డిరాక్ డెల్టా ప్రమేయం ద్వారా నార్మలైజ్ చేయడం మూడో మార్గం.

బద్ధ స్థితికీ స్వేచ్ఛా స్థితికీ మధ్యనున్న సందర్భం రేడియోధార్మిక కేంద్రకం. నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగర్ జలాశయానికి సమీపంలోని లంబాపూర్–పెద్దగట్టు ప్రాంతంలో యురేనియం నిక్షేపాలున్నాయి. ఈ ప్రాంతపు గ్రానైట్ శిలల్లోనూ యురేనియం స్వల్పంగా ఉంటుంది. యురేనియం-238 కేంద్రకంలోని ఆల్ఫా కణానికి, తనను బంధించిన విద్యుత్ అవరోధాన్ని ఎక్కి దాటేంత శక్తి లేదు. అయినా దాని తరంగ ప్రమేయం అవరోధం ఆవల పూర్తిగా సున్నా కాదు కాబట్టి అది బయటపడే సంభావ్యత అత్యల్పంగా ఉంటుంది. 1928లో జార్జ్ గామోవ్, ఆయనతో సంబంధం లేకుండా రోనాల్డ్ గర్నీ, ఎడ్వర్డ్ కాండన్ ఇచ్చిన ఈ వివరణ, బోర్న్ సంభావ్యతా వ్యాఖ్యానానికి కేంద్రకంలో దొరికిన తొలి విజయం. కేంద్రకం లోపలి సంభావ్యత కాలంతో ఘాతీయంగా తగ్గుతుంది. తగ్గిన మేరకు బయటి తరంగంలో చేరుతుంది. రెండింటినీ కలిపితేనే మొత్తం 1.

యురేనియం-238 అర్ధాయువు సుమారు 447 కోట్ల సంవత్సరాలు, సగటు ఆయువు సుమారు 645 కోట్ల సంవత్సరాలు. దక్షిణ తెలంగాణ గ్రానైట్లు స్థూలంగా 250 కోట్ల ఏళ్ల నాటివి కనుక, అవి గట్టిపడినప్పుడు వాటిలో ఉన్న ఈ ఐసోటోపులో ఇప్పటికీ సుమారు 68 శాతం మిగిలే ఉంది. అయితే సగటు ఆయువు సాంకేతికార్థంలో క్వాంటం ప్రత్యాశా విలువ కాదు. ఈ సిద్ధాంతంలో కాలం ఒక పరామితి, దానికి ఆపరేటర్ లేదు. విఘటన సమయాల సంభావ్యతా వితరణను నార్మలైజ్ చేసి కట్టిన సాధారణ సగటు మాత్రమే అది.

కొలత, క్వాంటం కంప్యూటర్లు

ప్రయోగశాలలో ప్రత్యాశా విలువను నేరుగా చదివే పరికరం ఉండదు. ఒకే స్థితిని అనేకసార్లు సిద్ధం చేసి, ప్రతిసారీ కొలిచి, సగటు కట్టాలి. అంచనాలోని దోషం కొలతల సంఖ్య వర్గమూలానికి విలోమానుపాతంలో తగ్గుతుంది. దోషాన్ని పదోవంతుకు దించాలంటే కొలతలను నూరు రెట్లు పెంచాలి. క్వాంటం కంప్యూటర్లలోనూ ప్రత్యాశా విలువలను ఈ విధంగానే రాబడతారు. వాటిలోని ఒక్కొక్క క్యూబిట్ రెండు మూల స్థితుల కలయిక. రెండు గుణకాల పరిమాణ వర్గాల మొత్తం 1 కావాలన్నది దాని నార్మలైజేషన్ నిబంధన. భారత ప్రభుత్వం 2023లో రూ. 6,003.65 కోట్ల అంచనా వ్యయంతో జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించింది. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమరావతిలో క్వాంటం వ్యాలీ టెక్ పార్కు కోసం ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీ సంస్థలతో ఒప్పందాన్ని ప్రకటించింది.

బోధన

1918లో ఉర్దూ మాధ్యమంతో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం చాలాకాలం మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల ఉన్నత విద్యకు ఆధారంగా ఉంది. నల్లగొండలో 2007లో ఏర్పడి, తరువాత మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంగా పేరు మారిన సంస్థ, మహబూబ్‌నగర్‌లో 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయం ఆ బాధ్యతను స్వీకరించాయి. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి డిగ్రీ స్థాయి భౌతికశాస్త్ర గ్రంథాలను తెలుగులో అందించింది. నార్మలైజేషన్, ప్రత్యాశా విలువల లెక్కలు డిగ్రీ స్థాయి ఆధునిక భౌతికశాస్త్రంలోనే పరిచయమై, సీఎస్ఐఆర్ నెట్, గేట్, ఐఐటీ జామ్ వంటి జాతీయ పరీక్షల వరకు విద్యార్థిని వెంబడిస్తాయి.

ఈ లెక్కల్లో తరచు దొర్లే తప్పులు నాలుగు: నార్మలైజ్ చేయకుండానే సగటు కట్టడం, గోళ నిరూపకాల్లో ఘనపరిమాణ గుణకాన్ని వదిలివేయడం, ఆపరేటర్‌ను తప్పు స్థానంలో ఉంచడం, ప్రత్యాశా విలువను ఒక్క కొలత ఫలితంగా భావించడం. మొదటి మూడూ గణిత దోషాలు, యూనిట్లు పరీక్షించడం వల్లనో, ఫలితం వాస్తవ సంఖ్య అవునో కాదో చూడడం వల్లనో చాలావరకు బయటపడతాయి. నాలుగోది భావదోషం, సరైన సమాధానం వచ్చిన తరువాత కూడా అది మిగిలిపోవచ్చు. అందుచేత ప్రత్యాశా విలువను లెక్కించిన ప్రతిసారీ దాని పక్కనే అనిశ్చితిని, సాధ్యమైతే ఒక్కొక్క కొలత ఫలితపు సంభావ్యతను కూడా రాయడం అలవాటు చేసుకోవాలి. ఈ మూడూ కలిస్తేనే ఆ రాశి గురించి తరంగ ప్రమేయం చెప్పగలిగినదంతా చెప్పినట్లవుతుంది.